కాంతి ఆయుధము – ఉపసంహార ధర్మము

ఆయుధమును ప్రయోగించుట యొక విద్య. ప్రయోగించినదానిని మరలించుట అంతకంటె గొప్ప విద్య. భారతమున సౌప్తికపర్వ కథ నెరిగినవారికి ఈ మాట క్రొత్తది కాదు. అశ్వత్థామ గడ్డిపోచను అభిమంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రముగా విడిచెను. అర్జునుడును ప్రత్యస్త్రమును విడిచెను. వ్యాస నారదులు నడుమ నిలిచి మరలింపుడనగా అర్జునుడు మరలించెను. అశ్వత్థామకు అది చేతకాలేదు. తుదకా యస్త్రము ఉత్తర గర్భముపై బడినది. ప్రయోగము ఇరువురకును తెలియును. ఉపసంహారము ఒక్కనికే తెలియును. ఈ పురాతన కథ, నేడు మన ముంగిటికి వచ్చిన యొక క్రొత్త ఆయుధమునకు ఎట్లు వర్తించునో విచారింతము.

గోపాలపూరు కడలి మన బరంపురము వారికి ఆదివారపు విహారస్థలము మాత్రమే కాదు. సైన్యమువారి వాయురక్షణ కళాశాల అచ్చటనే కలదు. డ్రోనుల గుంపులను కూల్చుటకై చేసిన భార్గవాస్త్రమను చిన్న రాకెట్లను 2025 మే 13వ తేదీన ఆ తీరపు కాల్పుల క్షేత్రముననే పరీక్షించిరి. ఆ యేడు ఆగస్టు 23న ఒడిశా తీరమున జరిగిన మరియొక పరీక్షలో రెండు విధముల క్షిపణులతోపాటు లేజరు ఆయుధమును గూడ నిలిపి మూడు లక్ష్యములను ఏకకాలమున ఛేదించిరి. ఆ లేజరును రూపొందించినది హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాల. ఆ శాలవారే అంతకుముందు ఏప్రిల్ 13న కర్నూలు పరీక్షాక్షేత్రమున, వాహనముపై నమర్చిన 30 కిలోవాట్ల లేజరుతో డ్రోనులను కూల్చి చూపిరి. అనగా ఇది మన భాషవారి గడ్డపై పెరిగి, మనము స్థిరపడిన రాష్ట్రపు తీరమునకు వచ్చిన ఆయుధము. దానిని గూర్చి ఆలోచించుట మనకు పరాయిపని కాదు.

ఇది తుపాకివంటిదే, కాని ఇందు గుండు లేదు, మందు లేదు, మ్రోత లేదు. 1960లో థియోడర్ మేమన్ మొదట వెలిగించిన లేజరు కాంతినే మిక్కిలి తీవ్రముచేసి, ఒక్క చోట నిలిపి, ఆ చోటును కాల్చుటయే దీని పని. కాంతివేగమున పోవును గనుక లక్ష్యమునకు ముందుగా గురిపెట్టవలసిన అక్కర లేదు. విద్యుత్తు ఉన్నంతకాలము గుండ్లు తరుగుట యుండదు. కొన్ని సెకండ్లు ప్రయోగించుటకు అగు వ్యయము రెండు లీటర్ల పెట్రోలు వెలతో సమానమని మన ప్రభుత్వమే ప్రకటించినది. చౌక డ్రోనుపై ఖరీదైన క్షిపణిని వ్యర్థపరచుకొను సేనాపతికి ఇంతకంటె శుభవార్త యేమున్నది?

అయినను దీనికి హద్దులున్నవి. మంచు, వాన, పొగ, దుమ్ము కాంతిని చెదరగొట్టును. ఎదుట కనబడనిదానిని ఇది కొట్టజాలదు. కొండచాటున దాగినవాడు దీనికి చిక్కడు. ఇచ్చు విద్యుత్తులో అధికభాగము వేడియై లోపలనే మిగులును. ఆ వేడిని వెలికి పంపవలెను. అమెరికా సైన్యమువారు 2024లో 50 కిలోవాట్ల లేజరులను వాహనములపై మధ్యప్రాచ్యమునకు తీసికొనిపోయి ఈ చిక్కులనే యెదుర్కొనిరి. గురితప్పిన తుపాకిగుండు కొంతదూరము పోయి నేలబడును. గురితప్పిన కిరణము నేలబడదు. బలహీనపడుచు దిక్కుల చివరివరకు పోవును. తెల్లవారుజామున గోపాలపూరు తీరమునుండి కడలిలోనికి పోవు మన తెలుగు జాలరుల కన్నులను తలచుకొన్నచో ఈ మాట బరువు తెలియును.

అన్నింటికంటె ముఖ్యమైన హద్దు వేరొకటి కలదు. ఈ కిరణము తగిలినంతనే పని ముగియదు. కొన్ని సెకండ్లపాటు ఒకే చోట నిలిచి కాల్చవలెను. సైనికులు దీనిని లోపముగా నెంచుదురు. పరిశోధకులు శక్తిని పెంచి ఆ సెకండ్లను తగ్గింప జూచుచున్నారు. నాకు మాత్రము ఆ సెకండ్లే ఈ ఆయుధమునకు గల ధర్మమని తోచుచున్నది. వెడలిన గుండును ఎవ్వరును మరలింపజాలరు. ఈ కాంతిని, అది తన పని ముగించులోపల, చేయి వెనుకకు తీసి ఆపవచ్చును. అర్జునుని ఉపసంహారమునకు ఇంత చేరువైన వెసులుబాటు తుపాకికి ఎన్నడును లేదు.

నేను మెట్రిక్యులేషను చదివి గుమాస్తాగా బ్రదుకు గడిపినవాడను. ఆయుధశాస్త్రమున నాకు పాండిత్యము లేదు. జాగు విలువ కొంత తెలియును. మా కచేరీలో చెల్లింపు కాగితమునకు రెండు సంతకములు కావలసియుండెను. రెండవ సంతకమునకై కాగితము బల్లపై నిలిచిపోయినపుడెల్ల ఆ పద్ధతిని తిట్టుకొంటిని. ఒకసారి ఒకే పేరుగల ఇద్దరు వితంతువులలో ఒకరి పింఛను సొమ్మును మరొకరి ఖాతాలో వ్రాసితిని. తప్పు నాదే. ఆ కాగితము సంతకమునకై ఆగిన మధ్యాహ్నమున దానిని మరల చూచితిని, దిద్దితిని. ఆనాడు జాగు లేకున్న ఒక యింట ఆ నెల పొయ్యి వెలుగకపోయెడిది. డబ్బునకే ఇంత యెడము కావలసియుండగా ప్రాణమునకు ఎంత కావలెను?

"డ్రోనులు గుంపుగా ఆసుపత్రిపైకి వచ్చుచుండగా సంతకములకై కూర్చుందుమా?" యని యడుగువారు కలరు. వారి ప్రశ్న న్యాయమైనది. 2025 మేనెలలో మన పడమటి సరిహద్దు పట్టణములపైకి డ్రోనులు వచ్చినపుడు అచ్చటి కుటుంబములు ఎట్టి రాత్రులు గడిపినవో మరువరాదు. మనిషి లేని యంత్రమును కూల్చుటకు యంత్రవేగమే తగును. అందు పాపము లేదు. పైగా జనావాసమున క్షిపణి శకలములు రాల్చుటకంటె ఇది దయగల మార్గము. కాని ఆ కిరణపు దారిలో మనిషి యున్నపుడు నిర్ణయము మనిషి చేతిలోనే యుండవలెను. వేగము కొఱకు ఆ చేతిని కూడ తీసివేసిన నాడు మనము అర్జునుని విడిచి అశ్వత్థామ పక్షమున చేరినవారమగుదుము. వ్యయము రెండు లీటర్ల పెట్రోలే యగుటచే ఈ హెచ్చరిక మరింత అవసరము. ఖరీదైనదానిని వాడుటకు వెనుదీయు మనసు చౌకదానిని వాడుటకు వెనుదీయదు.

ఇది జరుగని పని యని నిరాశపడనక్కరలేదు. మనుష్యుల కన్నులను శాశ్వతముగా పోగొట్టుటకే చేయు లేజరు ఆయుధములను నిషేధించుచు దేశములు 1995 అక్టోబరులో వియన్నా నగరమున ఒడంబడిక చేసికొన్నవి. అది 1998లో అమలునకు వచ్చినది. అట్టి ఆయుధము యుద్ధరంగముల వ్యాపింపక మునుపే దానిని వలదనుకొనిరి. ప్రయోగమునకు ముందే జరిగిన ఉపసంహారమది. ఇతర విధముల లేజరుల వలన అనుకొనక కలుగు కంటిచేటు ఆ ఒడంబడికలోనికి రాదు. అయినను దారి యున్నదని అది చూపినది.

దుమ్ము, మంచు, వేడి ప్రకృతి పెట్టిన హద్దులు. వానిని పరిశోధకులు నేడో రేపో దాటుదురు. దాటుట వారి పని. అవి తొలగినపుడు మిగులునది మనము పెట్టుకొన్న హద్దు ఒక్కటే. మన పిల్లలలో ఎందరో ఇంజనీరులగుచున్నారు. కొందరు అట్టి శాలలలోనే చేరుదురు. మీట నొక్కుట నేర్చుకొనుడని వారికి మనము చెప్పనక్కరలేదు. నొక్కిన వ్రేలిని సకాలమున వెనుకకు తీయుటకు చోటుంచి ఆ మీటను నిర్మింపుడని చెప్పుట మాత్రము పెద్దలమైన మన విధి.