సంతకమునకు ముందు



నీ ఉత్తరమందినది. మీ డిస్పాచి విభాగమున ఫోర్క్‌లిఫ్టు వెనుకచక్రము క్రింద ఒక హెల్పరు పాదము నలిగినదనియు, రిజిస్టరులో "కార్మికుని అజాగ్రత్త" యని వ్రాసి సంతకమునకై నీ బల్లపైనుంచిరనియు తెలిపి, అందు తప్పేమున్నదని నన్నడిగితివి. ఆ రెండు మాటలును ఒకప్పుడు నా చేతితో వ్రాసినవాడను గనుక నన్నడుగుట మంచిదే అయినది.

మూడు టన్నులెత్తు ఆ బండి, ముందుకు ఒరిగిపోకుండుటకై వెనుక పెద్ద ఇనుపదిమ్మెను మోయుచు, తాను నాలుగు టన్నులకు పైబడి తూగును. అది కారువలె గాక వెనుకచక్రములతో తిరుగును గనుక, ముందుభాగము ఎడమకు మరలినప్పుడెల్ల వెనుకభాగము కుడికి విసురుగా వచ్చును. అపాయమంతయు ఫోర్కుల యొద్దనే యున్నదని తలచి ప్రక్కకు తొలగి నిలుచు అమాయకుడే దానికి చిక్కును. నా షిఫ్టులో చిక్కినవాడును అట్లే నిలిచెను. కంట్రాక్టు కూలి, కాళ్లకు రబ్బరుచెప్పులు, నేలమీది పసుపుగీత ఎన్నడో చెరిగిపోయినది. చీకటిపడకమునుపే లారీ కదలవలెనని బండి డ్రైవరును తొందరపెట్టినది నేను. అతని కంటికడ్డు వచ్చునట్లు పెట్టెలు పేర్పించినదియు నేనే. ఎదుట కనబడనప్పుడు బండిని వెనుకకు నడుపవలెను, దారిచూపుటకు ఒక మనిషిని నిలుపవలెను, నేను నిలుపలేదు. రిజిస్టరులో మాత్రము అజాగ్రత్త యతనిదైనది. అబద్ధమాడుచున్నానని అప్పుడు నాకు తోచనేలేదు సుమా. చేతివ్రాత కూడ ముత్యములవలె కుదిరినది. భోపాల్ ఘోరము జరిగిన పిమ్మట 1987లో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమును సవరించి, కార్మికుల క్షేమమునకు పూచీ యాజమాన్యముదని స్పష్టముగా చేర్చిరి; ఆ చట్టపు పుస్తకము నా సొరుగులోనే యుండెను.

నీవైన నీ బల్లపైనున్న ఆ రిజిస్టరును ప్రక్కనుంచి, హెల్పరు నిలిచిన చోటనే నిలిచి చూడుము: బండి వచ్చు చప్పుడు వినబడునా, తొలగుటకు మూరెడు జాగా కలదా? వెనుక విసురును గూర్చి అతనికెవరైన ఎన్నడైన చెప్పిరేమో విచారింపుము. పిదప ఆసుపత్రికి పోయి అతని నోటనే వినుము. వట్టిచేతులతో పోకుము, ఈ వారము ఆ యింట కూలి లేదు. డ్రైవరును బెదరింపకుము, బెదరినవాడు రేపు త్రుటిలో తప్పిన ప్రమాదమును నీకు చెప్పడు.

పోస్టున ఆలస్యమగునని దీనిని రాత్రి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుచున్నాను. అవన్నియు తెలియువరకైన కలము మూసియుంచుము.