పురిటికి వచ్చిన పులస



"పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెత గోదావరి జిల్లాలవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే చాలు, యానాంలో, రాజమండ్రిలో, రావులపాలెంలో పులస కోసం పోటీ మొదలవుతుంది. ఒక్కొక్క చేప వేల రూపాయలు పలుకుతుంది. ఆగస్టు 15న దేవమాత మోక్షారోపణ పండుగ, సెప్టెంబరు 8న ఆ తల్లి జన్మదినోత్సవం ఆ రోజుల్లోనే వస్తాయి. పండుగకు అల్లుడు వస్తే పులస పులుసు పెట్టకపోవడం మర్యాద కాదనుకునే ఇళ్ళు మన విచారణల్లో ఎన్నో ఉన్నాయి.

అయితే ఈ చేప నదిలోకి ఎందుకు వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? సముద్రంలో ఉన్నంతకాలం దీనిని ఇలస అంటాం. వరదనీరు సముద్రంలో కలిసే వేళ అది ఏటికి ఎదురీది, మంచినీటిలో గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి వస్తుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు తినే సాల్మన్ చేప కూడా ఇటువంటిదే. నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ నదికే వస్తుంది. మన ఇళ్ళలో కూతురు పురిటికి పుట్టింటికి వచ్చినట్లే పులస గోదావరికి వస్తుంది. పురిటికి వచ్చిన బిడ్డకు మనం గుమ్మంలోనే వల పన్నుతున్నాం.

దానికి దారి కూడా పెద్దగా మిగలలేదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశారు. అది డెల్టాకు అన్నం పెట్టింది, అందుకు మనం కృతజ్ఞులం. కాని ఎగువకు పోవలసిన చేపకు అది అడ్డుగోడ అయింది. ఆనకట్టకు, సముద్రానికి మధ్యనున్న ఆ కాస్త నీటిలోనే వలలన్నీ కాచుకొని ఉంటాయి.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. దారిలో పక్షిగూడు కనిపించి, తల్లి గుడ్లమీదనో పిల్లలమీదనో కూర్చుని ఉంటే, పిల్లలను తీసుకోవచ్చుగాని తల్లిని పోనివ్వాలి. అలా చేసినవారికి మేలు కలుగుతుందని, దీర్ఘాయువు కలుగుతుందని ప్రభువు మాట ఇచ్చాడు. తల్లిదండ్రులను గౌరవించేవారికి ఇచ్చిన వాగ్దానమే ఇది! దేవుడు తినవద్దనలేదు. తల్లిని, పిల్లను కలిపి తుడిచిపెట్టవద్దన్నాడు. 2015లో ఫ్రాన్సిస్ జగద్గురువులు 'లౌదాతో సీ' విశ్వలేఖలో, అదుపులేని చేపలవేట వల్ల కొన్ని జాతులు దారుణంగా తరిగిపోతున్నాయని హెచ్చరించింది కూడా ఇందుకే.

"మరి జాలరులు ఏం తిని బ్రతకాలి?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పునీత పేతురుగారూ జాలరియే కదా! బంగ్లాదేశ్‌లో ఇదే చేపను ఇలిష్ అంటారు. అక్కడ అక్టోబరులో గుడ్లు పెట్టే వేళ 22 రోజులు వేట ఆపుతారు. 25 సెంటీమీటర్లలోపు పిల్లచేపలను నవంబరు నుండి జూన్ వరకు పట్టనివ్వరు. వేట లేని రోజుల్లో జాలరి కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. 2002-03లో సుమారు 2 లక్షల టన్నులున్న పట్టుబడి 2017-18 నాటికి 5 లక్షల టన్నులు దాటింది. ఆగినందువల్ల జాలరి నష్టపోలేదు. మన తూర్పుతీరంలోనూ ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవల వేట నిషేధం. కాని పులస గోదావరి ఎక్కేనాటికి ఆ గడువు ముగిసిపోతుంది. అక్కడ పని చేయవలసింది మన మనస్సాక్షి.

కనుక ఈసారి సంతకు వెళ్ళినప్పుడు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. గుడ్లతో ఉన్న పులసనే ఏరి కొనకండి. అరచేయంత పిల్లచేపలను అసలే కొనకండి. బయటి రాష్ట్రాల నుండి ఐసులో వచ్చిన ఇలసను పులసని చెప్పి అమ్మేవారూ ఉన్నారు. గొప్పకోసం కొనేవాడే మోసపోతాడు. చెరువులో పెరిగిన బొచ్చె, శీలావతి మంచి ఆహారమే. పెంపకపు సాల్మన్ మేతలో సముద్రపు చిన్నచేపల పొడి, నూనె కలుపుతారు. మన బొచ్చె, శీలావతి ఎక్కువగా తవుడు, చెక్కతోనే పెరుగుతాయి. అయితే ఆ చెరువు ఎక్కడిదో కూడా అడగండి. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన కొల్లేరును ఆక్రమించి తవ్విన చెరువులను 2006లో ప్రభుత్వం తొలగించవలసి వచ్చింది. పక్షుల ఇల్లు కూల్చి పెంచిన చేప మనకు వద్దు.

ఇంకొక్క మాట. శుక్రవారం మాంసం మాని చేప తినడం శ్రీసభ మనకు నేర్పిన తపస్సు. మాంసం మాని, వేలు పోసి పులస తెచ్చుకుంటే అది తపస్సా, విందా? పప్పుచారు మెతుకులతో లేచి, మిగిలిన డబ్బు పేద ఇంటికి పంపితే ప్రభువుకు ప్రీతి.

ఉత్థానుడైన ప్రభువు తిబెరియా ఒడ్డున శిష్యుల వలను 153 పెద్ద చేపలతో నింపాడు. అన్ని పడినా వల చినగలేదని పునీత యోహానుగారు ప్రత్యేకించి వ్రాశారు. మన అత్యాశకు గోదావరి వల చినగకూడదు. మన మనుమలు కూడా ఒకనాడు ఎర్రనీటికి ఎదురుచూడాలి. పులస వచ్చిందని సంతోషించాలి. ఆ ఓర్పును, ఆ మితాన్ని ప్రభువు మన ఇంటింటికీ దయచేయుగాక. ఆమెన్.