లెక్కకు రాని పని

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున, నేరేడ్‌మెట్‌లోని మా ఇంట్లో, అమెరికా నుంచి వచ్చిన మేనల్లుడు టీవీలో సూపర్ బౌల్ చూస్తున్నాడు. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. "అత్తా, బంతిని కాదు, ముందు వరసలో వంగి నిలబడ్డ ఆ అయిదుగుర్ని చూడు" అన్నాడు.

మధ్యలో సెంటర్, అటూ ఇటూ గార్డులు, చివర్లలో టాకిల్స్. మీదికి దూసుకొచ్చేవాళ్ళకి ఒళ్ళు అడ్డుపెట్టి, బంతి విసిరేవాణ్ణి కాపాడటం వాళ్ళ పని. ముందుకు విసిరిన బంతిని మామూలుగా వాళ్ళు అందుకోకూడదట. బాగా చేస్తే ఎవరూ చూడరు. ఒక్కసారి తప్పితే అందరూ చూస్తారు. కూరలో ఉప్పులాగే! పక్కగదిలో మోకాళ్ళకి నూనె రాసుకుంటున్న అమ్మ గుర్తొచ్చింది.

తర్వాత మైక్ వెబ్‌స్టర్ గురించి చదివాను. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ నాలుగు సూపర్ బౌల్స్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్న సెంటర్. 1974 నుంచి 1990 దాకా 17 సీజన్లు ఆడాడు. 1997లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. అప్పటికే మతి నిలకడ తప్పింది. కొన్నాళ్ళు తన ట్రక్కులోనే పడుకున్నాడు. 2002లో 50 ఏళ్ళకే పోయాడు. ఏళ్ళ తరబడి తగిలిన దెబ్బలు ఆ మెదడుని ఏం చేశాయో డాక్టర్ బెన్నెట్ ఒమాలు 2005లో ప్రచురిస్తే, దాన్ని వెనక్కి తీసుకోమన్నారు లీగ్ కమిటీ డాక్టర్లు. వైకల్య భృతి కోసం కుటుంబం కోర్టుకెక్కాల్సి వచ్చింది.

"డబ్బు తీసుకున్నాడు, ఇష్టపడే ఆడాడు కదా" అంటారు. ఏం పోగొట్టుకుంటున్నాడో తెలియనివాడి ఇష్టం ఎంతవరకు ఇష్టం?

అయినా ఆయన్నీ అమ్మనీ ఒకే గాట కట్టడం న్యాయమేనా? ఆయనకి జీతం ఉంది, యూనియన్ ఉంది, ఆట ముగిసే వేళ ఉంది. అమ్మకి ఇవేవీ లేవు. పైగా ఆయన మతి తప్పాక కనిపెట్టుకుని ఉన్న ఇంటివాళ్ళ పని ఏ లెక్కలోనూ లేదు. కనపడని పని వెనక ఇంకా కనపడని పని!

ఇద్దరికీ కలిసేది ఒక్కటే, పొగడ్త. ఆయన్ని 'ఐరన్ మైక్' అన్నారు. అమ్మని 'భూదేవంత ఓర్పు' అన్నాం. ఇనుముకి నొప్పి ఉండదు, భూమి మాట్లాడదు. బాకీ తీర్చకుండా తప్పించుకోవడానికి ఇంతకంటే చవకైన దారి ఉందా?

"మోకాళ్ళు బాగా నొప్పా అమ్మా?" అని అడిగాను.

"నాకేమే, బాగానే ఉన్నాను" అంది.

ఆ జవాబు అమ్మకి నేర్పింది మేమే.