లిఫ్టులో పాట

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఉతికిన బట్టలు ముందేసుకుని మడతపెడుతూ కెన్నీ జి ‘బ్రెత్‌లెస్’ ఆల్బమ్ వింటున్నాను. ఊరినుంచి వచ్చిన మా తమ్ముడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏమిటక్కా, నువ్వు కూడానా! దీన్ని జాజ్ అంటే నేనొప్పుకోను. ఇది లిఫ్టుల్లో వేసే సంగీతం” అన్నాడు.

వాడికి జాజ్ అంటే ప్రాణం. నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. కాని ఊరుకోలేకపోయాను. ఎందుకంటే, ఆమధ్య ఒక సభలో ఒక పెద్దమనిషి నా నవలల గురించి కూడా ఇలాగే అన్నారు – “మధ్యాహ్నం కునుకు పట్టడానికి భేషుగ్గా పనికొస్తాయి” అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ రాత్రి నాకే కునుకు పట్టలేదు.

జాజ్ అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నల్లజాతివారి మధ్య పుట్టిన సంగీతం. అప్పటికప్పుడు కల్పించి వాయించడం దాని ప్రాణం. మన కచేరీల్లో మనోధర్మం అంటామే, అలాంటిది. అందులోని గరుకుతనం తగ్గించి, తియ్యని బాణీని పైకి తెచ్చిందే ‘స్మూత్ జాజ్’. 1980ల చివర్లో అమెరికాలో దీనికోసం ప్రత్యేకంగా రేడియో స్టేషన్లే వెలిశాయి.

‘బ్రెత్‌లెస్’ 1992లో వచ్చింది. సియాటిల్‌లో పుట్టిన కెన్నీ జి ఇందులో ఎక్కువగా వాయించింది సొప్రానో శాక్సోఫోన్. చూపుకి మన సన్నాయిలా నిటారుగా ఉంటుంది. రెండు పాటలు తప్పిస్తే తక్కినవి మాటలు లేనివే. ఒక్క అమెరికాలోనే కోటీ ఇరవై లక్షల ప్రతులు పోయాయి. అందులోని ‘ఫరెవర్ ఇన్ లవ్’కి 1994లో గ్రామీ బహుమతి కూడా వచ్చింది.

ఇంతమంది కొన్నారు కాబట్టి గొప్పది అని నేననను. అలా అయితే తలనొప్పి మాత్రని మించిన మహాకావ్యం ఉండదు. కాని ఇంతమంది కొన్నారు కాబట్టే తక్కువది అనడం ఏం న్యాయం? మీరే చెప్పండి.

అతని విద్య తక్కువదేం కాదు. బుగ్గల్లో గాలి నిలవచేసుకుని, దాన్ని వాద్యంలోకి వదులుతూనే ముక్కుతో మళ్ళీ ఊపిరి పీల్చుకుంటాడు. 1997లో న్యూయార్కులో ఒకే స్వరాన్ని 45 నిమిషాల 47 సెకన్లు ఆపకుండా పట్టాడు. అది సర్కస్ ఫీటే అనుకోండి. కాని ఆల్బమ్‌లో స్వరం తెగకుండా సాగుతుంటే, పిల్లని జోకొట్టే తల్లి చెయ్యి గుర్తొస్తుంది నాకు.

మా అత్తగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు రాత్రిళ్ళు వరండాలో బెంచీ మీద కూర్చుని నేను విన్నది ఇదే. ఆ వేళప్పుడు నాకు బుర్రకి పదునుపెట్టే సంగీతం అక్కర్లేదు. తల నిమిరే చెయ్యి కావాలి. ఆ పని చేసినదాన్ని కళ కాదంటే నా మనసొప్పుకోదు.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. వాడు వాదించలేదు. “ఓదార్చడం తప్పని నేనన్లేదక్కా. కాని ఇందులో ఆయనకి జవాబు చెప్పేవాళ్ళెవరూ లేరు. ఆ దృష్టితో మళ్ళీ విను” అన్నాడు.

విన్నాను. నిజమే. మంచి జాజ్‌లో ఒకరు ఒక మాట అంటే డ్రమ్ము ఎదురు చెబుతుంది, పియానో ఆటపట్టిస్తుంది. మన కచేరీలో గాయకుడి సంగతికి వయొలిన్ బదులిచ్చినట్టు. ఇక్కడ మాత్రం తక్కిన వాద్యాలన్నీ కింద మెత్తగా పరుపులా పరుచుకుని ఉన్నాయి. శాక్సోఫోన్ ఒక్కటే మాట్లాడుతోంది.

1971లో చనిపోయిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాత రికార్డు మీద కెన్నీ జి తన వాద్యాన్ని కలిపి 1999లో విడుదల చేశాడు. మర్నాటి ఏడు గిటార్ విద్వాంసుడు పాట్ మెథెనీ అందుకు అతన్ని తీవ్రంగా దుయ్యబట్టాడు. ఆ కోపం నాకు అప్పుడు అర్థమైంది. పోయినవాడు ఔననలేడు, కాదనలేడు. అది జుగల్‌బందీ ఎలా అవుతుంది?

అక్కడే నాకు కలుక్కుమంది. నా నవలల్లో నాయిక ఎంతసేపు మాట్లాడినా అడ్డుచెప్పేవాళ్ళెవరు? మొగుడు తలవంచుకుంటాడు, అత్తగారు నోరు మూసుకుంటుంది, పాఠకురాలు కళ్ళొత్తుకుంటుంది. ఆ పెద్దమనిషి వెటకారం తప్పే. కష్టంలో ఉన్న మనిషికి కునుకు పట్టించడం చిన్నపనేం కాదు. కాని ఓదార్చడానికని అందరి నోళ్ళూ మూయించవలసిన పని లేదు. ఆయన చూపించని లోపాన్ని మా తమ్ముడు చూపించాడు. వాడు ఎగతాళితో మొదలుపెట్టినా, కూర్చుని నాతోపాటు విన్నాడు కదా! నచ్చనిదాన్ని తీసెయ్యడానికీ, విని కాదనడానికీ తేడా అదేననుకుంటాను.

ఇప్పుడు రాస్తున్న నవలలో అత్తగారికి ఒక గట్టి జవాబు రాయాలని కూర్చున్నాను. రాస్తుంటే నాయిక మాట కూడా మారిపోతోంది, చిత్రంగా.

అన్నట్టు, ఆ రోజు ఆల్బమ్ మధ్యలో ఆపలేదు. ఆరుగజాల చీర ఒక్కదాన్నే మడతపెట్టలేక అవస్థపడుతుంటే, మా తమ్ముడు లేచి వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.