చీకటిలో జరుగు బేరము

ధ్యానమునకు: యోహాను 8:1-11, యెహెజ్కేలు 16:49



వ్యభిచారమందు పట్టుబడిన స్త్రీని ప్రభువు నొద్దకు ఈడ్చుకొని వచ్చిన ఆ గుంపులో ఒక మనిషి కనబడడు. ఆమెతో కూడ పాపము చేసినవాడు కనబడడు. ధర్మశాస్త్రము ఇద్దరిని గూర్చి చెప్పినది; రాళ్లు మాత్రము ఒక్కరి కొరకే ఏరబడినవి. ఆ రెండవవాడు ఏమయ్యెను? ధనవంతుడా? పెద్దలకు బంధువా? సువార్తికుడు చెప్పలేదు. అయినను లోకములో జరుగు తీర్పులను ఎరిగినవారిని ఆ ప్రశ్న ఊరకుండనియ్యదు.

ఈ నెల మేము ఎత్తుకొను విషయము గుడిలో సాధారణముగా నోట రానిది. పేద యువకుడొకడు సొమ్ము కొరకు మరియొక పురుషునికి తన దేహమును అమ్ముకొనుట అనునది లోకములో ఉన్నది. పూర్వమును ఉన్నది, నేడును ఉన్నది. చిన్నబిడ్డల యెదుట చదువదగినది కాదని కొందరు ఈ పుటను తిప్పివేయవచ్చును. అయితే పట్నమునకు పనికి పోవు కుమారులు గల తలిదండ్రులు మన సంఘములలో అనేకులు గనుక, దీనిని గూర్చి ఒక్కమారైనను నిదానముగా ఆలోచించుట మంచిదని తలంచితిమి. ఇట్టి బేరములో చట్టము చేయవలసిన పని ఏది? సంఘము చేయవలసిన పని ఏది? ఈ రెండును ఒక్కటేనా?

ఇంగ్లాండు దేశములో జరిగిన కథ దీనికి మంచి పాఠము. అక్కడి దొరతనమే మన దేశములోను ఇట్టి చట్టమును నాటెను. అక్కడి సంఘమే తరువాత ఈ ప్రశ్నను బహిరంగముగా విచారించెను.

1885వ సంవత్సరము ఆగస్టు నెలలో ఇంగ్లాండు పార్లమెంటు బాలికలను కాపాడుటకు ఒక చట్టము చేయుచుండెను. అది మంచి చట్టమే. దానివలన బాలికల సమ్మతి వయస్సు 13 నుండి 16 ఏండ్లకు పెరిగెను. చర్చ ముగియవచ్చిన వేళ, అర్ధరాత్రి ప్రాంతమున, హెన్రీ లబుషేర్ అను సభ్యుడు ఒక సవరణ తెచ్చెను. పురుషులు పురుషులతో చేయు ఏ అసభ్యక్రియకైనను, అది నాలుగు గోడల మధ్య ఇద్దరి ఇష్టముతో జరిగినను, రెండేండ్ల వరకు ఖైదు విధింపవచ్చును. ఎక్కువ చర్చ లేకుండ అది చట్టమాయెను.

నాలుగేండ్లు గడిచెను. 1889లో లండను ప్రధాన తపాలా కార్యాలయములో సొమ్ము దొంగతనమును విచారించుచుండగా, టెలిగ్రాములు అందించు ఒక కుర్రవాని యొద్ద వాని జీతమునకు మించిన సొమ్ము దొరికెను. వాని వయస్సు పదునైదు ఏండ్లు. తాను దొంగిలించలేదనియు, క్లీవ్లండు వీధిలో పెద్దమనుషులు వచ్చు ఒక ఇంటిలో తన్ను తాను అమ్ముకొనగా వచ్చినదనియు వాడు ఒప్పుకొనెను. వానివంటి పిల్లలు మరి కొందరుండిరి. ఒక్కొక్క మారు వారి చేతికి వచ్చినది నాలుగు షిల్లింగులు. పదునైదేండ్ల పిల్లవాడు బేరమాడినాడనుట న్యాయము కాదు. అది పసివారిపై పెద్దలు చేసిన దౌర్జన్యము. అయితే తీర్పు ఎట్లు జరిగెనో చూడుడి. పిల్లలను చేర్చిన పదునెనిమిదేండ్ల గుమాస్తాకు నాలుగు నెలలు, ఇంటివానికి తోడుగా నుండిన మరియొకనికి తొమ్మిది నెలలు కఠినశిక్ష పడెను. ఇంటివాడు దేశము విడిచి పారిపోయెను. యువరాజు కొలువులో నుండిన లార్డ్ ఆర్థర్ సోమర్సెట్టు కూడ సముద్రము దాటి పోయెను. అతడు మరణించువరకు ఏ న్యాయస్థానమును ఎక్కలేదు. మరియొక ప్రభువు పేరు అచ్చువేసిన పత్రికా సంపాదకునికి పరువునష్టము నేరము క్రింద ఏడాది ఖైదు విధించిరి. కొన్నవారు పోయిరి, చిన్నవారు చిక్కిరి.

ఎల్లప్పుడు ధనవంతుడే తప్పించుకొనెనని మేము చెప్పుట లేదు. 1895లో ఆస్కార్ వైల్డ్ అను ప్రసిద్ధ రచయితకు ఇదే చట్టము క్రింద రెండేండ్ల కఠినశిక్ష పడెను. అతని మీద సర్కారు పక్షమున సాక్ష్యము చెప్పిన యువకులు సొమ్ము పుచ్చుకొనినవారు. వారిలో కొందరు అంతకుముందు ఇట్టి మనుష్యులను బెదిరించి సొమ్ము గుంజినవారు. వారికి శిక్ష లేకపోయెను. ఇక్కడ అమ్మినవాడు తప్పించుకొనెను, కొన్నవాడు చిక్కెను. ఇద్దరిలో ఎవడు చిక్కినను ఒక సంగతి మారలేదు: ఇద్దరి మధ్య నమ్మకమును కనికరమును లేవు, భయము మాత్రమే కలదు.

ఇది జాగ్రత్తగా గ్రహింపవలెను. ఆ చట్టము బేరమును ఆపలేదు. బేరములోనికి రెండవ సరకును తెచ్చెను. మొదటి సరకు దేహము. రెండవ సరకు మౌనము. “నీవు నాకు సొమ్మియ్యనియెడల పోలీసులతో చెప్పుదును” అనుట మొదటిదానికంటె లాభసాటి వర్తకమాయెను. ఆ దేశపు న్యాయవాదులు ఆ సవరణకు బెదిరింపుగాండ్ర అధికారపత్రమని పేరు పెట్టిరి. 1950 మొదలు 1953 వరకు ఇంగ్లాండు, వేల్సు పోలీసుల దృష్టికి వచ్చిన బెదిరింపు కేసులు 71. వాటిలో 32 ఇట్టి సంబంధములను గూర్చినవేనని ప్రభుత్వ విచారణ సంఘము కనుగొనెను. సగమునకు కొంచెము తక్కువ. ఫిర్యాదు చేసినవాడే నేరస్థుడగు చోట పోలీసు గడప తొక్కక ఊరకుండినవారు ఎందరో దేవునికే తెలియును. అట్లే సొమ్ము ఎగగొట్టబడి, దెబ్బలు తిని, ఎవరితోను చెప్పుకొనలేని పేద కుర్రవాడును ఉండెను. చీకటి ఇద్దరిని కప్పెను. ఆ చీకటిలో బలవంతుడు ఎవడైతే వానిదే రాజ్యము.

అమ్ముకొనినవారు ఎట్టివారు? లండను కావలి సైన్యములో చాలని జీతము గల సిపాయీలు కొందరు ఈ దారి పట్టినట్లు ఆ కాలమున అందరికిని తెలిసిన సంగతియే. పని లేనివారు, ఊరు విడిచి వచ్చి తల దాచుకొన చోటు లేనివారు, ఇంటినుండి వెళ్లగొట్టబడినవారు మిగిలినవారిలో ఉండిరి. అందరును ఆకలివలననే చేసిరని అనలేము. మనుష్య హృదయము అంత సులభముగా లెక్కకు రాదు. అయితే అద్దెయు, రొట్టెయు, రాత్రికి పడకయు ఈ వర్తకములో పెద్ద పాలు కలిగియుండెననుట సత్యము.

ఇక సంఘము ఏమి చేసెను? 1954లో ఇంగ్లాండు సంఘపు నైతిక సంక్షేమ సభవారు ఈ విషయమును విచారించి ఒక చిన్న పుస్తకము వెలువరించి, చట్టమును తిరిగి పరిశీలింపుడని ప్రభుత్వమును కోరిరి. ఆ యేడే జాన్ వుల్ఫెండన్ అధ్యక్షుడుగా ప్రభుత్వము ఒక విచారణ సంఘమును నియమించెను. 1957 సెప్టెంబరులో వారి నివేదిక వెలువడెను. వయస్సు వచ్చిన ఇద్దరు పురుషులు తమ ఇష్టముతో ఏకాంతమున చేయునది నేరముగా ఉండకూడదని పదుముగ్గురిలో పండ్రెండుగురు చెప్పిరి. పదుమూడవవాడు స్కాట్లండునకు చెందిన జేమ్స్ అడేర్. చట్టము తప్పుకొనినయెడల జనులు దానిని అనుమతిగా ఎంచుదురని అతడు భయపడెను. ఆ భయము తేలికైనది కాదు. మన పెద్దలలో అనేకులకు నేడును అదే భయము కలదు.

దానికి జవాబు ఒక ప్రధాన కాపరి నోటనే వచ్చెను. కాంటర్బరీ ఆర్చిబిషప్పు మైకేల్ రాంజీ ఈ క్రియలు పాపమనియే నమ్మెను. ఆ మాట దాచలేదు. అయినను నేరముగా ఉంచకూడదని ప్రభువుల సభలో చట్టపు మార్పును బలపరచెను. పాపము వేరు, నేరము వేరు. గర్వము పాపము, గర్వించినవానిని పోలీసులు పట్టుకొనిపోరు. అసూయ పాపము, లోభము పాపము. వీటిని జైలు బాగుచేయదు. 1967 జూలైలో ఇంగ్లాండు, వేల్సులకు చట్టము మారెను. 21 ఏండ్లు నిండిన ఇద్దరికి ఏకాంతమున శిక్ష తొలగెను. అయితే పురుషులు తమ్మును అమ్ముకొనగా వచ్చు సొమ్ముమీద బ్రదుకు దళారికి ఏడేండ్ల వరకు శిక్ష ఆ చట్టమే పెట్టెను. రెండు మాటలు ఒక్క చట్టములో ఉండుట గమనింపుడి: బలహీనుని మీదనుండి చేయి తీసి, వానిని తినువాని మీద వేసిరి.

మన దేశపు సంగతి చూతము. మెకాలే 1837లో తయారుచేసిన చిత్తును సవరించి 1860లో చేసిన శిక్షాస్మృతిలో 377వ సెక్షను ఉండెను. దానికి యావజ్జీవ శిక్ష వరకు ఉండెను. ఆ సెక్షనును చూపి పోలీసులును రౌడీలును బెదిరించుచున్నారని బాధితుల పక్షమువారు ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమునకు మొరపెట్టిరి. 2009లో ఆ న్యాయస్థానము వయోజనులకు విడుదల నిచ్చెను. 2013లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తులు ఏకముగా విడుదల నిచ్చిరి. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలునకు వచ్చినప్పుడు ఆ సెక్షను పూర్తిగా పోయెను. బలవంతమునకు గురియైన వయోజన పురుషునికి ప్రత్యేకముగా అక్కరకు వచ్చు సెక్షనును దానితోకూడ పోయెనని న్యాయవాదులు ఎత్తిచూపిరి, ఇది కొరతయే. పడుపువృత్తిని గూర్చిన 1956 నాటి చట్టము స్త్రీలను, బాలికలను మాత్రమే ఎంచినది. 1986 సవరణతో ఏ మనిషినైనను అమ్మి బ్రదుకుట ఆ చట్టము క్రిందికి వచ్చెను. పదునెనిమిదేండ్లు నిండని మగపిల్లలకును ఆడపిల్లలకును 2012 నాటి పోక్సో చట్టము సమానముగా రక్షణ నిచ్చును. దీనిని ప్రతి తలిదండ్రి తెలిసికొనవలెను.

ఇంతవరకు చట్టము తన పని చేసెననుకొందము. మౌనమను సరకు విలువ తగ్గెను. అయితే మొదటి సరకు ఇంకను సంతలో ఉన్నది. ఎందుకనగా భయమును తీసివేయుట చట్టమునకు సాధ్యము. ఆకలిని, ఒంటరితనమును తీసివేయుట దానికి సాధ్యము కాదు. ఆ పని ఎవరిది?

సొదొమ పేరు విన్నంతనే మనము ఒక్క పాపమునే తలంచుదుము. ప్రవక్తయైన యెహెజ్కేలు ఆ పట్టణపు దోషమును లెక్కించునప్పుడు గర్వమును, కడుపునిండ ఆహారమును, నిశ్చింతను, బీదలకు చేయి అందింపకపోవుటను ముందు చెప్పెను. హేయక్రియలు ఆ తరువాత వచ్చును. ఈ క్రమము మన కొరకు వ్రాయబడినది. ఆకలిగొన్న యువకుని దేహము అమ్ముడుపోవు ఊరిలో, అన్నము తినుచు తలుపు మూసికొనినవారికి ఆ పాపములో పాలు లేదా?

“మీరు పాపమును తేలిక చేయుచున్నారు” అని ఒక పెద్ద అనవచ్చును. లేదు, అయ్యగారూ. పురుషుడు పురుషుని ప్రేమించుటను గూర్చి లోకమందలి సంఘములలో నేడు ఏకాభిప్రాయము లేదు. ఆ వాదమును ఈ పుటలో తీర్చుట మా ఉద్దేశము కాదు. అయితే ఒక మనిషి అవసరమును చూచి మరియొక మనిషి దానికి వెల కట్టుట తప్పనుటలో మనలో భేదము లేదు. వెల కట్టినవాని తప్పు పెద్దది. వానికి ఎన్నుకొను స్వేచ్ఛ ఎక్కువ గనుక. ఇయ్యవలసినది ఇయ్యక వానిని ఆ సంతకు పంపిన మన తప్పును చిన్నది కాదు.

మన ఊళ్లనుండి హైదరాబాదుకు, ముంబాయికి పనికి పోవు కుర్రవాళ్లను తలంచుకొనుడి. వాడు ఎక్కడ ఉండునో, మొదటి జీతము వచ్చువరకు ఏమి తినునో ఎవరైనను అడిగిరా? అక్కడి సంఘములో ఒక్క పెద్ద పేరైనను వ్రాసి ఇచ్చితిమా? నడకయు మాటయు తక్కినవారివలె లేవని తండ్రి కొట్టి వెళ్లగొట్టిన కుమారుడు ఉన్నయెడల, ఆ తండ్రి యొద్దకు పోయి కూర్చుండి మాటలాడిన సంఘపెద్ద ఉన్నాడా? పండుగకు తిరిగి వచ్చినవానిని సొమ్ము ఎక్కడిదని గుసగుసలాడితిమా, లేక నీవు బాగున్నావా నాయనా అని అడిగితిమా? వాడు ఎవరితోనైనను చెప్పుకొనగలిగినయెడల, వానిని బెదిరించువాని చేతిలో ఆయుధము ఉండదు. మన నాలుకలే ఆ ఆయుధమును వానికి ఇచ్చుచున్నవి. ఇంగ్లాండులో చట్టము చేసిన పనిని మన ఊరిలో మన నిందయే చేయుచున్నది.

తప్పిపోయిన కుమారుడు పరదేశములో ఏ ఏ పని చేసెనో మనకు పూర్తిగా తెలియదు. పందుల యొద్ద ఆకలితో ఉన్నప్పుడు వానికి ఎవడును ఏమియు ఇయ్యలేదని మాత్రము ప్రభువు చెప్పెను. వాడు లేచి బయలుదేరుటకు ధైర్యమిచ్చినది ఒక్కటే: తన తండ్రి ఇంట అన్నము కలదని వానికి తెలియును. ఆ తండ్రి తలుపు గడియ వేసియున్నయెడల వాడు ఎక్కడికి పోయియుండును?

చట్టము 1885లో వేసిన గడియను ఆ దేశము 1967లో తీసెను. 1860లో మన దేశమున వేసిన గడియ 2018లో తీయబడెను. మన ఇండ్ల గడియలను ఏ న్యాయస్థానమును తీయజాలదు. అవి లోపలనుండి వేసినవి. ఈ రాత్రి ప్రార్థన ముగించి దీపము తగ్గించుటకు ముందు, ఇల్లు విడిచి పోయిన ఒక్క కుమారుని పేరు తలంచుకొని, ఆ తలుపు యొద్దకు పోయి చూతము.