వానమీద నెపం

మీరు పురుగుమందు డబ్బా మూత తీసి వాకిట్లో వదిలేశారనుకోండి. రాత్రి వాన కురిసి, ఆ మందు పొరుగింటి బావిలో చేరింది. తెల్లవారాక “నేను పోయలేదు, వాన తీసుకుపోయింది” అంటే మీ మనస్సాక్షి ఒప్పుకుంటుందా?

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని పెన్సకోలా పట్టణంలో ఈ ప్రశ్న నిజంగానే ఎదురైంది. అక్కడ ఎస్కాంబియా ఉడ్ ట్రీటింగ్ కంపెనీ 1942 నుంచి 1982 వరకు కరెంటు స్తంభాలకు, పునాది దుంగలకు క్రియోసోట్, పెంటాక్లోరోఫినాల్ అనే మందులు పట్టించింది. చెదలు తినకుండా, పుచ్చిపోకుండా కొయ్యను ఏళ్ల తరబడి కాపాడే మందులవి. స్తంభాలు అందరికీ కావలసినవే గనుక ఆ పనిని తప్పు పట్టలేము. కానీ చెదను చంపే మందు మట్టిలో కలిసినంత మాత్రాన మంచిదైపోదు గదా! ఆ విషం నేలలో ఇంకింది. వాన వచ్చినప్పుడు పక్క పేటల్లోకి పారింది. 1991లో కంపెనీ దివాలా తీసి ఆవరణను వదిలేసింది. ప్రభుత్వం తవ్వి పోయించిన విషపు మట్టి గుట్టకు జనం ‘డయాక్సిన్ కొండ’ అని పేరు పెట్టారు. చివరకు 358 కుటుంబాలను అక్కడి నుంచి తరలించాలని 1996లో నిర్ణయించారు. వారిలో అత్యధికులు నల్లజాతివారు.

ఇలాంటి చోట చేయవలసినదేమిటో తెలియనిది కాదు. మందు పట్టిన కొయ్యను చుక్కలు కారడం ఆగేదాకా, చుట్టూ గట్టు ఉన్న సిమెంటు గచ్చు మీద, కప్పు కింద ఉంచాలి. పైనుంచి వచ్చే మంచి నీటిని పక్కకు మళ్లించాలి. మందు తగిలిన నీటిని విడిగా పట్టి శుద్ధి చేయాలి. నీటిలో కలిపి వాడే మందులైతే, ఆ నీటినే మళ్లీ మందు కలపడానికి వాడుకోవచ్చు. ఈ గచ్చుల విషయంలో అమెరికా ప్రభుత్వం 1990లో నియమాలు చేసింది.

“అంతకుముందు చట్టం అడగలేదు కదా” అని మీరనవచ్చు. తెలిసి చేసిన హానీ, తెలియక చేసిన హానీ ఒకటి కావన్నది నిజమే. తెలియనితనం నిందను తగ్గిస్తుంది, కానీ బాకీని తీర్చదు. జాగ్రత్తకు పెట్టకుండా మిగుల్చుకున్న డబ్బు లాభం కాదు. పల్లాన ఉన్నవారి నెత్తిన పెట్టిన అప్పు. పల్లాన ఉండేది సాధారణంగా ఎవరు? మెరకలో స్థలం కొనలేనివారే.

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్నారు పెద్దలు. నీరు ఎటు పారుతుందో మనకూ తెలుసు. వానను ఆపడం మన చేతిలో లేదు; దాని దారిలో ఏమి ఉంచామన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. మోటారు షెడ్డు ముందు ఒలికిన ఆయిలూ, పొలం గట్టున పారేసిన మందు డబ్బా కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మబ్బు పట్టకముందే ఒకసారి మన వాకిలి చూసుకుందాం.