నాయకుని ముఖము, పనివాని చెయ్యి



యజమానుడు గట్టుమీద నిలుచున్నంతసేపు కూలివాడు చేయు పనియు, అతడు ఇంటికి పోయిన తరువాత చేయు పనియు ఒక్కటేనా? ఇది మన పల్లెలలో పాత ప్రశ్నయే. ఇంగ్లండు దేశపు ఫుట్‌బాలు ఆటను గూర్చి ఆలోచించుచుండగా ఇదే ప్రశ్న మరియొక రూపములో మాకు ఎదురైనది.

ఆ దేశములో ప్రతి జట్టుకును మేనేజరు అను పెద్ద యొకడుండును. ఎవరు ఆడవలెనో, ఏలాగు ఆడవలెనో ఆయనే నిర్ణయించును. అయితే ఆట మొదలైన తరువాత ఆయన గీత వెలుపలనే నిలువవలెను. బంతిని తన్నవలసినది ఇతరులు.

2015వ సంవత్సరములో లెస్టర్ పట్టణపు జట్టుకు ఇటలీ దేశస్థుడైన క్లాడియో రానియేరి మేనేజరుగా వచ్చెను. పందెములను మేము మెచ్చము గాని, ఆ జట్టు ప్రథమ స్థానము పొందినయెడల ఒకటికి ఐదువేలు ఇచ్చెదమని పందెగాండ్రు చెప్పిరనిన, దానిపై లోకమునకు ఎంత నమ్మకముండెనో తెలియును. ఎదుటివారికి ఒక్క గోలైనను ఇయ్యకుండ ఆడినయెడల పిజ్జా తినిపించెదనని రానియేరి తనవారికి మాట యిచ్చెను. అక్టోబరు నెలలో వారు ఆలాగే ఆడగా ఆయన మాట నిలుపుకొని వారిని భోజనశాలకు తీసికొనిపోయెను. అచ్చట వారు తమ రొట్టెలను తామే చేసికొని కలిసి తినిరి. 2016 మే నెలలో ఆ జట్టు దేశమంతటిలో ప్రథమ స్థానము పొందెను.

కథ అంతటితో ముగియలేదు. 2017లో వారు లీగు ఆటలలో వరుసగా ఐదు ఓడిపోయిరి. ఆ సంవత్సరము లీగులో ఒక్క గోలైనను చేయలేకపోయిరి. ఫిబ్రవరి 23న రానియేరిని తొలగించిరి. నాలుగు దినములైన తరువాత అదే జట్టు లివర్‌పూల్ జట్టుపై మూడు గోళ్లు చేసి గెలిచెను. తరువాత మరి నాలుగు లీగు ఆటలు వరుసగా గెలిచెను. అవే కాళ్లు, అదే మైదానము. ఈ బలము అంతకుముందు ఎక్కడ దాగియుండెను?

వారు కావలెననియే తగ్గి ఆడిరని మనము తీర్పు తీర్చలేము. మంచి ఆటగాడైన కాంటే 2016లోనే వేరొక జట్టుకు వెళ్లిపోయెను. మరి యే కారణములైన ఉండవచ్చును. అయినను మనస్సు నాయకుని యొద్దనుండి తొలగిపోయినప్పుడు, మనుష్యునికి తెలియకుండనే అతని చెయ్యి బరువెక్కునని మనమందరము ఎరుగుదుము గదా.

అట్లయిన తప్పెవరిది? జీతము పుచ్చుకొనువాడు పని చేసి తీరవలెనని కొందరందురు. మనిషి యంత్రము కాడు, ప్రేమించినవారికొరకే ప్రాణము పెట్టునని మరికొందరందురు. అపొస్తలుడైన పౌలు కొలొస్సయి సంఘమునకు వ్రాయుచు ఈ యిద్దరితోను మాటలాడుచున్నాడు. మూడవ అధ్యాయము చివర దాసులను చూచి, మనుష్యుల కంటికి కనబడుటకు గాక ప్రభువు నిమిత్తమే పని చేయుమనెను. నాలుగవ అధ్యాయము మొదట యజమానులను చూచి, మీకును పరలోకమందు యజమానుడున్నాడు గనుక న్యాయముగా నడుచుకొనుడనెను. ఆయన ఒకరి తప్పును ఇంకొకరికి సాకుగా ఇయ్యలేదు.

తలాంతుల ఉపమానములో మూడవ దాసుడు తన యజమానుడు కఠినుడని తలంచి తలాంతును భూమిలో దాచిపెట్టెను. అంత సొమ్మును తనను నమ్మి అప్పగించిన సంగతి అతనికి కనబడలేదు. యజమానునిగూర్చిన తలంపే అతని చేతులను కట్టివేసెను. మనమును దేవుని కఠినునిగా తలంచినయెడల మన సేవయు ఆలాగే గోతిలో పాతబడును.

మన హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయుడుగా నుండి భారత జట్టుకు శిక్షకుడైనవాడు. 1962 సెప్టెంబరులో జకార్తాలో ఆసియా క్రీడల చివరి ఆటకు ముందు, బంగారు పతకమును తనకు కానుకగా ఇయ్యుమని ఆయన తన పిల్లలను అడిగినట్టివలె ఆటగాండ్రను అడిగెనని వారు తరువాత చెప్పుకొనిరి. సికింద్రాబాదువాడైన తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉండెను. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్ కూడ ఆడి గోలు చేసెను. దక్షిణ కొరియాపై రెండు గోళ్లకు ఒకటిగా గెలిచిరి. మరుసటి సంవత్సరము జూన్‌లో రహీం క్యాన్సరు వ్యాధితో మరణించెను. ఆజ్ఞ చేయలేని పనిని ప్రేమ చేయించగలదు.

అయితే ప్రేమను గాలమునకు గుచ్చు ఎరవలె వాడుకొనరాదు. పని రాబట్టుటకే చూపు ప్రీతిని మనుష్యులు త్వరగా కనిపెట్టుదురు. నిజమైన ప్రీతియు ఒక్కొక్కప్పుడు చాలదని రానియేరి కథ చూపుచున్నది. కలిసి తిన్న రొట్టె మరుసటి యేటి కష్టమును తప్పించలేదు. మనుష్య నాయకునిమీద మాత్రమే ఆధారపడిన ఉత్సాహము అతనితో లేచి అతనితో పడును.

యోహాను సువార్త 21వ అధ్యాయములో మన ప్రభువును చూడుడి. ముమ్మారు తన్నెరుగనన్న పేతురు రాత్రియంతయు వల వేసి ఒడ్డుకు వచ్చునప్పటికి, ప్రభువు నిప్పులమీద చేపలును రొట్టెయు సిద్ధముచేసి యుండెను. మొదట భోజనము పెట్టెను. తరువాతనే నన్ను ప్రేమించుచున్నావా అని ముమ్మారు అడిగి, తన గొఱ్ఱెలను అప్పగించెను. అటుపిమ్మట ప్రభువు కంటికి కనబడని దినములలోను పేతురు మరణపర్యంతము ఆ పని విడువలేదు. గట్టుమీద యజమానుడు లేకున్నను పని ఆగలేదు.

కాబట్టి పాలేరును పెట్టుకొన్నవారును, పిల్లలకు చదువు చెప్పువారును, సంఘమును కాయువారును, నా ముఖము చూచినప్పుడు ఎదుటివాని చెయ్యి తేలికపడుచున్నదా, బరువెక్కుచున్నదా అని ఈ నెల తమ్మును తాము ప్రశ్నించుకొందురు గాక. ఒకరి క్రింద పని చేయు మనమందరమును, నా పెద్ద మంచివాడు కాడని నేను పాతిపెట్టిన తలాంతు ఏది అని వెదకుకొందము. ఆ గోతిని త్రవ్వి దానిని వెలుపలికి తీయుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.